ఉస్తాద్ దిద్దిన చాలు

మనిషి విలువ అతని పేరు పక్కనున్న అంకెలో ఉంటుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. నా పేరు పక్కన ఆరువందల పన్నెండు ఉండేది గనుక ఆ నమ్మకం నాకు చాలా సుఖంగా ఉండేది. సూరత్‌లో మగ్గాల మీద బతికే మా తెలుగువాళ్ల కోసం ఎవరో పుణ్యాత్ముడు ఫోన్లో ఒక చర్చావేదిక పెట్టాడు. సాంచకు (కరెంటు మగ్గాన్ని మేం అలాగే అంటాం) ఏ రోగమొచ్చినా మారుపేరుతో అందులో అడగొచ్చు, జవాబు చెప్పొచ్చు. జవాబు నచ్చితే పైబాణం, నచ్చకపోతే కిందిబాణం. పైబాణాలు పోగైనకొద్దీ హోదా పెరుగుతుంది: మొదట కండె (నూలు చుట్టే గొట్టం), తర్వాత మాస్టర్, అందరి నెత్తినా ఉస్తాద్. నేను ఉస్తాద్‌ని. వయసు పందొమ్మిది, చదువు బీకాం మొదటి ఏడు. సాంచతో అనుభవమంటారా, ఒకసారి దాని మీద టిఫిన్ డబ్బా పెట్టి తిట్లు తిన్నాను.

మరి ఉస్తాద్ ఎలా అయ్యావంటే, వేగం. ఎవరేం అడిగినా మొదటి నిమిషంలోనే "ముందు ఆయిల్ వేసి చూడండి" అని రాసేసేవాణ్ని. బట్ట మీద ఆయిల్ మరకలు పడ్డాయని ఒకాయన మొత్తుకుంటే "ఇప్పుడు సబ్బు వేసి చూడండి" అన్నాను. దానికి పద్నాలుగు పైబాణాలు. ఇది చాలదన్నట్టు కోసాడ్‌లో మా బావ ఒకడుండేవాడు. పొద్దున్నే పళ్లు తోముకోకముందే నేను వాడికీ వాడు నాకూ బాణాలు వేసుకునేవాళ్లం. అంతటి బాణవర్షంలో ఒక్కడికి కూడా గాయం కాకపోవడం యుద్ధాల చరిత్రలో మాకే చెల్లింది.

ఆ వేదికలో నాకు నచ్చని ప్రాణి ఒకటే, 'పాత కండె' అనే పేరుతో రాసే ఒక సభ్యుడు. మొత్తం పదకొండు పాయింట్లు. గంట ఆలోచించి రెండు ముక్కలు, అవీ ఇంగ్లీషు అక్షరాల్లో, రాసేవాడు. అవి ఎప్పుడూ నా ఆయిల్ కింద, అట్టడుగున పడి ఉండేవి. "పాత కండె గారూ, నూలు అయిపోయిందా?" అని ఒకసారి వేళాకోళం చేస్తే ఇరవై మూడు పైబాణాలొచ్చాయి. పాత కండె మర్నాడు ఇంకో ప్రశ్నకు తన రెండు ముక్కలు రాసుకున్నాడు. పెద్దమనిషి.

ఐదువందలు దాటినవాళ్లకు ఇతరుల జవాబులు దిద్దే హక్కుండేది. కొంప మునిగింది అక్కడే.

ఆ రోజు సెలవు. భేస్తాన్‌లోని మా ఒంటిగదిలో కిటికీ దగ్గర మంచం మీద మా బాపు, గుమ్మంలో నేను, ఎవరి ఫోన్ వాళ్లం చూసుకుంటున్నాం. బాపు సాంచాలు బాగుచేసే మిస్త్రీ. "తండ్రీకొడుకులకు ఫోన్లు పెట్టి అన్నం తినిపియ్యాలె," అని అమ్మ గొణుగుతోంది. ఇంతలో వేదికలో కామ్‌రేజ్ నుంచి ఒక ప్రశ్న. అడిగింది మా ఊరి వైపు అక్క. సూరత్ వచ్చి మూడు నెలలే. భర్తా తనూ కలిసి పాత సాంచ ఒకటి కొనుక్కుని, దాని మీద తొలి చీర నేస్తున్నారు. సాయంత్రం ఐదింటికి సేటు వచ్చి ఆ చీర చూస్తాడు. నచ్చితే పని, లేకపోతే మళ్లీ ఎవరి కార్ఖానాలోనో కూలీ. సరిగ్గా అప్పుడే నూలు మోసుకుంటూ అటూ ఇటూ పరిగెత్తే నాడె పోగుల మధ్య ఇరుక్కుంది. ఏం చేయాలి?

నేను ఆయిల్ అన్నాను. కాసేపటికి పాత కండె రాశాడు: "నాడె ఇరికితే ఇగ సాంచ చాలు. చేతితోని ఎనుకకు తిప్పాలె." ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ 'చాలు'ను చూసి నాకు జాలేసింది. సూరత్‌లో పుట్టి పెరిగినవాణ్ని, నాకు తెలియదా? గుజరాతీలో చాలు అంటే ఆన్ చేయడం! (మా తెలుగులో 'చాలు' కూడా ఉందన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. నాకెప్పుడూ ఏదీ చాలింది కాదు.) ముసలాయన భాష కలగాపులగం చేశాడనుకుని, హక్కు వాడి దిద్దాను: "నాడె ఇరికితే బటన్ నొక్కి సాంచ నడపండి." కింద ఆకుపచ్చ ముద్ర పడింది: ఉస్తాద్ దిద్దినది.

పావుగంటకు బాపు ఫోన్ మోగింది. అటు కామ్‌రేజ్ అక్క ఏడుపు గుమ్మం దాకా వినిపిస్తోంది. ఆమెను వేదికలో చేర్చి, తాను ఏ పేరుతో రాస్తాడో చెప్పింది బాపేనట. "కాకా, నువ్వు చెప్పినట్టే బటన్ నొక్కిన. పోగులన్నీ పటపట తెగినయ్!"

"నేను నడుపుమన్ననా? ఆపుమన్న! చాలు అని రాసిన!" బాపు మంచం మీంచి లేచాడు. "ఎవడో ఉస్తాదంట, నా మాటనే దిద్దిండు లంగ! వాని చేతులిరగ!"

నేను నా చేతుల వంక చూసుకున్నాను. ఇంట్లో జీవితమంతా 'సాలు' అనే మనిషి, పదిమంది చదువుతారని పద్ధతిగా 'చాలు' అని రాశాడు. మర్యాద ఎంత పని చేస్తుందో చూడండి.

"బండి తియ్యి," అన్నాడు బాపు. తీశాను. కామ్‌రేజ్ దాకా ఆయన వెనక కూర్చుని నన్ను నాకే తిడుతూనే ఉన్నాడు. నేను "అవు బాపు, గసొంటోళ్లను వదలద్దు," అంటూ నడిపాను.

అక్కడ చూస్తే రెండొందల పోగులు తెగి వేలాడుతున్నాయి. బాపు నాడె తీసి, సాంచ సరిచేసి, నన్ను పోగుల ముందు కూర్చోబెట్టాడు. "ముడెయ్యి." వేస్తున్నాను. పక్కనే అక్క ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది. "ముందు ఆ ఉస్తాదుకు ఒక కిందిబాణం ఎయ్యాలె కాకా." నొక్కింది.

నా జేబులో టింగ్‌మంది.

వాళ్లాయన కూడా నొక్కాడు. టింగ్. బాపు నా జేబు వంక చూశాడు, తన ఫోన్ వంక చూశాడు, ప్రయోగశాలలో శాస్త్రవేత్తలా నెమ్మదిగా తానూ ఒకటి నొక్కాడు. టింగ్.

"నువ్వారా!"

"బాపూ, పాత కండె నువ్వా!" అన్నాను, అప్పుడే తెలిసినట్టు, ఆశ్చర్యంలో నాదే పైచేయి అయినట్టు.

అక్క నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక, "ఏంది తమ్మీ గిట్ల జేస్తివి?" అంది. విషయం తెలిసి పక్క షెడ్డువాళ్లు కూడా ఫోన్లు తీశారు. టింగ్, టింగ్. చివరికి బాపే అన్నాడు: "సాలు ఆపుండ్రి. వాని చేతులు ఖాళీగ లెవ్వు."

ముడులు పడ్డాయి, చీర దిగింది. ఐదింటికి సేటు వచ్చాడు. కొంగు వేళ్ల మధ్య నలిపాడు, వెలుగుకు పట్టి చూశాడు. "సరస్ ఛే," అన్నాడు, బాగుందని. తర్వాత చెయ్యి ఊపుతూ, "చాలు కరో."

అక్క మొహం వాడిపోయింది. "ఆపుమంటుండా కాకా?"

"కాదక్కా!" నేను నూలు పోగులతో సహా లేచాను. "ఇది వాళ్ల చాలు! మొదలువెట్టుమంటుండు! పని దొరికింది!"

ఆ సాయంత్రం ఆమె నాకొక పైబాణం వేసింది. వార్త వేదికంతా పాకి, నా పాత జవాబులకూ కిందిబాణాలు పడి, దిగజారి దిగజారి మూడొందలకు వచ్చిన నా లెక్కలో నిజంగా సంపాదించింది ఆ ఒక్కటే.

ఇప్పుడా వేదిక లేదు. నేను చీరల డిజైన్లు గీసే ఆఫీసులో ఉన్నాను. దోశ తినాలన్నా ముందు హోటల్‌కున్న చుక్కలు లెక్కపెడతాను, అందులో ఎన్ని కోసాడ్ బావలవో అనుకుంటాను. బాపు మాత్రం పదమూడు పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. వాటిలో రెండు అక్కవి. మిగతా పదకొండూ ఎవరివని మొన్న అడిగితే, "సాంచ నడిచినోళ్లయి," అన్నాడు. ఆ ఆరువందల పన్నెండు ఉస్తాద్ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. పాపం, ఎంత సంతోషంగా ఉండేవాడు! ఇప్పుడు ఎవరు సలహా అడిగినా వాడు నా నోట్లోంచి ఒకే మాట అంటాడు, అలవాటు కొద్దీ: ముందు ఆయిల్ వేసి చూడండి.