జ్యోత్స్న దిద్దిన పుస్తకం

మాదాపూర్‌లో విశ్వేశ్వరరావు గారి జిరాక్స్ దుకాణంలో జ్యోత్స్న నాలుగేళ్లు పని చేసింది. ఖాజాగూడ నుంచి రోజూ వచ్చేది. పొద్దంతా కాపీలు తీయడం, తీరిక దొరికినప్పుడు కంప్యూటర్ మీద పెళ్లి కార్డులు కొట్టడం ఆమె పని. డిగ్రీ రెండో ఏడాదిలో తండ్రి పోయాక చదువు ఆగిపోయింది.

1999 జనవరి మొదట్లో శివశంకర్ అనే ఆయన వంద పేజీల పుస్తకం తెచ్చి ఇరవై కాపీలు అడిగాడు. అనంతపురం మనిషి, హైటెక్ సిటీలో ఉద్యోగం. కంప్యూటర్‌ని నడిపే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్ల కోసం ఆయనా, స్నేహితులూ కలిసి ఇంగ్లీషులో రాసుకున్న పాఠాలవి. మొదటి పేజీ అద్దం మీద పెట్టబోతూ జ్యోత్స్న ఆగి చదివింది. ఎవరైనా నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు; రాసినవాళ్ల పేర్లు ఉంచి, ఇదే హక్కు తర్వాతివాళ్లకూ ఇస్తే చాలు అని ఉంది. నకలు తీయరాదని రాసి ఉన్న పుస్తకాలే ఆమె అంతవరకు చూసింది.

"సార్, నేను గూడ ఒకటి తీస్కోవచ్చా?"

"దానికోసమే కదమ్మా రాసింది" అని ఆయన లినక్స్ ఉన్న ఒక సీడీ కూడా ఇచ్చాడు.

నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు వారాలు చదివింది. దుకాణం కంప్యూటర్లో లినక్స్ ఎక్కిస్తానని యజమానిని అడిగింది. పని చెడకుండా చూసుకోమన్నారాయన. డిస్కు రెండు భాగాలుగా ఉంది. మొదటి దాంట్లో కార్డులు, రెండోది ఖాళీ. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చేసింది. ముప్ఫై ఒకటో పేజీలో రెండో భాగాన్ని చెరపమని ఉండాల్సిన చోట మొదటి భాగమని పడింది. మాఘమాసం ముహూర్తాల కోసం కొట్టి ఉంచిన నలభై కార్డులు తుడిచిపెట్టుకుపోయాయి.

జ్యోత్స్న ఏడుస్తూ యజమానికి చెప్పింది. విశ్వేశ్వరరావు గారు కాగితాల కట్ట తీసి ఆమె ముందు పెట్టారు.

"ఏడిస్తే వస్తాయా అమ్మా? కాగితం మీద ప్రూఫులు ఉన్నాయిగా. కూర్చుని మళ్లీ కొట్టు."

నాలుగు రోజులు తల ఎత్తకుండా కొట్టింది. ఆదివారం రాగానే పుస్తకం పట్టుకుని కొండాపూర్ వెళ్లింది. అక్కడొక బడిలో శివశంకర్ బృందం కలుస్తుందని పుస్తకం వెనకే ఉంది. పదిహేను మంది ముందు నిలబడి నేరుగా చెప్పింది.

"మీ పుస్తకంల తప్పున్నది సార్. దాన్ని నమ్మి మా షాపుల పనంత పోగొట్టిన."

శివశంకర్ ఆ పేజీ చదివాడు.

"తప్పు నాదేనమ్మా. ఈ పాఠం నేనే రాసినాను."

"మరి దీన్ని ఎవలు దిద్దుతరు?"

"నువ్వే దిద్దు. ఆ హక్కు మొదటి పేజీలోనే ఇచ్చినాం కదా."

ఎగతాళి అనుకుంది. ఆయన కుర్చీ జరిపి, పుస్తకం ఉన్న కంప్యూటర్ ముందు ఆమెను కూర్చోబెట్టాడు. జ్యోత్స్న తప్పు దిద్ది, కింద తెలుగులో రెండు హెచ్చరికలు చేర్చింది: ముందు ముఖ్యమైనవన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించుకోండి, ఏ భాగం ఖాళీగా ఉందో రెండుసార్లు చూడండి. రాసినవాళ్ల జాబితాలో తొమ్మిదో పేరు ఆమెది. మిగతా పాఠాలకూ తెలుగు వివరణ రాయమని వాళ్లే అడిగారు. ఏప్రిల్ దాకా రాసింది.

ఆ ఏడే బృందం లినక్స్ మీద ఒక పరీక్ష మొదలుపెట్టింది. రోజూ లినక్స్‌తో పని చేసేవాళ్లే ప్రశ్నలు తయారు చేస్తారు. ఏమేం తెలిసి ఉండాలో ముందే అందరికీ చెబుతారు. ఎక్కడ చదివావని అడగరు. సగం రాత పరీక్ష, మిగతా సగం వాళ్లు కావాలని చెడగొట్టిన కంప్యూటర్‌ని గంటలో బాగు చేయడం. జూన్‌లో జ్యోత్స్న రాతలో నెగ్గింది కానీ గంట గడిచినా కంప్యూటర్ లేవలేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడితే తల్లి కమలమ్మ అన్నం పెట్టి పక్కన కూర్చుంది. "గా మిషనుకు నీ మీద పగ ఉన్నదా బిడ్డా? మళ్ల పో. ఇంకోపాలి జూస్తే అదే తెలుస్తది."

సెప్టెంబర్‌లో మళ్లీ వెళ్లి ముప్పావు గంటకే బాగు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది.

నవంబర్‌లో హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీ సర్వర్లు చూసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచింది. మేనేజర్ సుబ్బలక్ష్మి ఆ సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏ ఇన్‌స్టిట్యూట్‌దండి?"

"ఇన్‌స్టిట్యూట్ కాదు మేడమ్. ఈ పని చేసేటోళ్లందరు కలిసి పెట్టిన పరీక్ష. నమ్మకం లేకుంటే నన్నో మిషను ముంగట కూర్చోబెట్టండి."

ఆమె నిజంగానే కూర్చోబెట్టింది. రెండు రోజులుగా మెయిళ్లు పోవడం లేదని అందరూ తిట్టుకుంటున్న సర్వర్ అది. మధ్యాహ్నం భోజనాల వేళకు మెయిళ్లు కదిలాయి. సోమవారం నుంచి పనిలోకి రమ్మంది సుబ్బలక్ష్మి.

డిసెంబర్ పరీక్షకు జ్యోత్స్న ప్రశ్నలు తయారు చేసేవాళ్లలో కూర్చుంది. నిజాంపేట హాస్టల్ నుంచి వచ్చిన సుష్మ అనే అమ్మాయి ఆరోజు పరీక్ష తప్పి, సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్లింది. జ్యోత్స్న వెనకే వెళ్లి ఆపింది.

"ఎక్కడ ఆగిపోయినవో నేను చూసిన. ఇంకో రెండడుగులే ఉండె. మార్చిలో మళ్ల పరీక్ష ఉన్నది, వస్తవా?"

సుష్మ పెన్ను తీసి, తేదీ అడిగి చేతి మీద రాసుకుంది.