చెత్తగుట్ట నుంచి తిరిగొచ్చిన నా కుర్చీ

ఈ రోజు మా మనవరాలి క్లాసుకు ఊరి బయట చెత్తగుట్ట చూపించారు. అందరూ ముక్కులు మూసుకుంటే మా పిల్ల మాత్రం బడిలో నేర్చిన హిందీలో, "మేడమ్, యే తో మా తాత కుర్సీ హై!" అని అరిచిందట. వీపు దగ్గర నేను కట్టిన రైల్వే పచ్చజెండా గుడ్డే గుర్తు. అది లేకుండా కదలనని మొండికేస్తే బస్సు మీద కట్టి తెచ్చారు.

కుర్చీ సీటుకు కొత్త కేను అల్లించడానికి పంపానని నెల్లాళ్లుగా చెబుతున్న మా కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అల్లిక అయిపోయిందా అమ్మా?" అన్నాను.

"ఇంకా లేదు మావయ్యా, ముందు కడిగిస్తాను," అంది.

కడగనివ్వలేదు. గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద బతికినవాణ్ణి, కంపుకు జడుస్తానా? అందులోనే కూర్చుని ఇది రాస్తున్నాను. కోడలు టీ మాత్రం గుమ్మం దగ్గరే పెట్టి పోయింది. మీ ఇళ్ల నుంచి రిపేరుకు వెళ్లిన సామాన్లు ఎక్కడున్నాయో మీరూ కనుక్కోండి.