పడుకుంటే తగ్గే నొప్పి

మా వదినె తలనొప్పి నటన కాదని నాకు తెలుసు. ఎందుకు వచ్చిందో కూడా తెలుసు. ఇంట్లో మాత్రం చెప్పలేదు.

మాది మరమగ్గాలు నడిపే ఇల్లు. అన్న పొద్దంతా ఆ చప్పుడులోనే ఉండేవాడు. వదినె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ శనివారం బస్సు దిగితే, చేతులకంటిన తంబాకు కడుక్కుని, బియ్యప్పిండిలో నువ్వులు కలిపి గిన్నెకొత్తి సర్వపిండి కాల్చేది. మాడిన అంచు నాకిష్టమని అది విరిచి నాకే పెట్టేది. "సదువుకునే పిలగాడు, అంచు ఆయనకే" అని అన్నను ఉడికించేది. తంబాకు, వేగిన నువ్వులు కలిసిన ఆ వాసన మళ్లీ నాకెక్కడా తగల్లేదు.

ఒక ఎండాకాలం ఆమెకు జ్వరం వచ్చి మెడ బిగుసుకుపోయింది. కరీంనగర్ దవాఖానలో చేర్చాం. మెదడు జ్వరమేమో చూడాలంటే నడుములో సూది గుచ్చి నీరు తీయాలన్నాడు డాక్టర్. ఆ రోజు అక్కడ సన్న సూదులు అయిపోయాయి. నన్ను పిలిచి, "సన్నది తే తమ్మీ. మొన చెక్కిన పెన్సిల్ లెక్క ఉంటది. కోసే మొనది వద్దు. ఒక దుకాణంల లేకుంటే పక్కదాంట్ల అడుగు" అన్నాడు.

మొదటి మందుల దుకాణంలో లావుది, కోసే మొనదే ఉందన్నారు. అదే తీసుకున్నాను. పక్క చాయ్ హోటల్ టీవీలో క్రికెట్ ఆఖరి ఓవర్లు నడుస్తున్నాయి. అయిపోయేదాకా నిలబడి చూసి, వెళ్లి, "అన్ని దుకాణాలు తిరిగిన సార్, గిదే దొరికింది" అన్నాను. ఇంకా ఆగితే ప్రమాదమని ఆయన దానితోనే చేశాడు.

మెదడు జ్వరం కాదని తేలింది. జ్వరం తగ్గి ఇంటికొచ్చాం గానీ, వదినె లేచి కూర్చుంటే తల పగిలిపోయేది. పడుకుంటే కాసేపట్లో తగ్గేది. కూర్చోకుండా బీడీలెట్లా చుడతారు?

"కూసుంటే లేస్తదట, పంటే పోతదట! గసొంటి నొప్పి నాకు ఒక్కనాడు రాకపాయె" అనేది అవ్వ, మా అమ్మ, వాడకంతా వినపడేలా.

"చాటను జూస్తెనే లేస్తదేమో అక్కా" అని పక్కింటామె నవ్వేది.

"నిజంగనే నొస్తున్నదత్తా" అని వదినె గోడవైపు తిరిగేది.

నేను వెళ్లి డాక్టర్‌ను అడిగాను. సూది గుచ్చిన చోట లోపలి పొరలోంచి నీరు కారుతుంటే ఇట్లాగే ఉంటుందన్నాడు. "పెన్సిల్ మొన పోగులను పక్కకు జరుపుకుంట పోతది. తీసినంక అవి మళ్ల దగ్గరికొస్తయి. నువ్వు తెచ్చింది పోగులను కోస్తది. సన్నదానితోని గూడ నొప్పి రావచ్చు గని, చానా తక్కువ. ఇంట్ల చెప్పు, ఆమెను పండుకోనియ్యమను."

నేతోళ్ల పిల్లవాణ్ణి. పోగు జరగడమేమిటో, తెగడమేమిటో నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చి, "రెస్టు దీస్కొమ్మన్నడు" అని ఊరుకున్నాను. నొప్పి నిజమంటే ఎందుకొచ్చిందని అడుగుతారు, సూది మాట వస్తుంది. కొన్నాళ్లకు నొప్పి దానంతటదే పోయింది. పేరు పోలేదు. వదినె ఎప్పుడు నడుం వాల్చినా "శురువైంది పండుడు నొప్పి" అనేది అవ్వ. ఒంట్లో బాగాలేకపోయినా కూర్చునే ఉండటం వదినెకు అలవాటైపోయింది.

ఇన్నేళ్లకు, మొన్న వదినె కొడుక్కి పెళ్లయి ఇంటికి కోడలొచ్చింది. అందరం కూర్చున్నప్పుడు అవ్వ, "నీ అత్తకు ఒక నొప్పి ఉండె బిడ్డా" అని మొదలుపెట్టింది. వదినె కొత్త కోడలి ముందు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఆపు అవ్వా. ఆ నొప్పి నిజం" అన్నాను. సూది సంగతి, క్రికెట్ సంగతి, డాక్టర్ చెప్పింది, అన్నీ చెప్పాను.

"గిప్పుడా చెప్పుడు?" అంది అవ్వ. నేను లేచి వెళ్లి వదినె ముందు కింద కూర్చున్నాను.

"వదినే, గప్పుడే చెప్తే నిన్నెవ్వరు పనిదొంగ అనకపోదురు. నా తప్పు కప్పుకునేటందుకు నీకు పేరు పెట్టనిచ్చిన. నన్ను మాఫ్ జెయ్యి."