ఆరాధన మధ్యలో రోడ్డు దాటిన పెద్దబాపు

మొన్న గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఒక ఫొటో కనిపించింది. ఎవరో పెద్దమనిషి పార్టీ మారాడు. మెడలో కొత్త కండువా పడుతున్న ఆ క్షణంలో ఆయన ముఖంలో సంతోషం కంటే కంగారే ఎక్కువగా ఉంది. పదో తరగతితో నా బడి ఆగిపోయినా, ఆ గ్రంథాలయంలో రాజనీతి అరలో నేను ముట్టని పుస్తకం లేదు. అయినా మనిషి ఎటువైపో ఒక గుడ్డముక్కతో తేల్చే ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో ఇంతవరకు దొరకలేదు, వెతుకుతూనే ఉన్నాను. ఆ ముఖం మాత్రం నాకు తెలుసు. అచ్చం అలాంటి ముఖంతోనే ఒక ఆదివారం మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, కాశిబుగ్గ రోడ్డు పక్కన నిలబడ్డాడు.

పెద్దబాపు మా చర్చిలో సంఘ పెద్ద. పార్టీలోనూ పాతకాపు. ప్రతి ఎన్నికలోనూ పోలింగ్ బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చునేది ఆయనే. ఆ రోజు వేసుకునే చొక్కాకు వారం ముందే ఇస్త్రీ అయ్యేది. మా మేనమామది ఎదుటి పార్టీ. ఆ ఏడాది వార్డు ఎన్నికల ప్రచారంలో పెద్దబాపు మైకు పట్టుకుని, ఊపులో, మామ అమ్ముడుపోయాడనేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మామ చర్చికి రావడం మానేశాడు.

మా చర్చిలో, యేసు కడరాత్రి విందును తలుచుకునే ప్రభువు బల్ల రోజున, రొట్టె పంచే ముందు, పాస్టరయ్య ఒక నిమిషం ఆగేవాడు. ఎవరితోనైనా తగువుంటే వెళ్లి సర్దుకుని రావాలని దాని అర్థం. ఎవరూ కదలగా నేను చూడలేదు. ఆడవాళ్లు కొంగులు సర్దుకునేవారు, మగవాళ్లు గొంతులు సవరించుకునేవారు. పోలింగ్‌కు ముందరి ఆదివారం మాత్రం, రొట్టె పళ్లెం అందుకోవలసిన పెద్దబాపు వెనక్కి తిరిగి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు. ఏం చేస్తాడో చూడకుండా ఉండలేక నేనూ వెంటపడ్డాను. రోడ్డు అవతల ఎదుటి పార్టీ షామియానా, అందులో మామ. పాత ప్రత్యర్థి తెల్లబట్టల్లో తమవైపే వస్తుంటే అక్కడివాళ్లకు ఒక్కటే అర్థమైంది. ఆయన నోరు తెరిచేలోపే మెడలో వాళ్ల కండువా పడింది. చప్పట్లు, ఫొటోలు.

మామ లేచి నిలబడ్డాడు. "ఏంది బావా, నువ్వు గూడ అమ్ముడుపోయినవా?"

"పార్టీ మారెటందుకు రాలేదురా. మైకుల నిన్ను అనరాని మాటన్న. తప్పైంది, మాఫ్ చెయ్యి. బల్లకు రా."

"ఆరాధన ఆపి వచ్చినవా?"

"అందరు కూసున్నరు, జర జల్దీ నడు."

ఇద్దరూ చర్చిలోకి వచ్చారు. పాస్టరమ్మ సైగ చేసేదాకా పెద్దబాపుకు మెడలో కండువా ఇంకా ఉన్న సంగతే గుర్తుకు రాలేదు.

సాయంత్రానికి ఆ ఫొటో వార్డంతా తిరిగింది. ఆయన పార్టీ నాయకుడు ఇంటికొచ్చి కూర్చున్నాడు. "వాళ్లే గుంజుకపోయిండ్రని మైకుల చెప్పు పెద్దయ్యా. ఏజెంటు సీటు నీదే."

"నా కాళ్ల మీద నేనే పోయిన. మాఫీ అడగవోయిన."

"ఎలక్షన్ ముంగట ఎవలన్న అడుగుతరా?"

"బల్ల ఎలక్షన్ చూసుకొని వస్తదా?"

ఏజెంటు సీటు పోయింది. పోలింగ్ రోజున పెద్దబాపు అందరితోపాటు ఎండలో వరుసలో నిలబడ్డాడు, వెనకే మామ. బయటికి రాగానే ఓటు ఎవరికి వేశావని ఉండబట్టలేక అడిగాను. "నా పార్టీకే బిడ్డా. వాళ్లు నన్ను తీసేసిండ్రు గని, నేను వాళ్లను తీసెయ్యలే," అన్నాడు. నీకు బుద్ధి ఎప్పుడొస్తదో అని మామ మొదలుపెట్టాడు. ఇద్దరూ వాదించుకుంటూనే ఇంటిదారి పట్టారు.

ఆ ఏడు మా వార్డులో ఎవరు గెలిచారో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. అప్పట్లో దానికంటే పెద్ద సంగతి లోకంలో లేదనుకున్నాం. కాలం దాన్ని జారవిడిచి, ఎండలో నడిచిపోతున్న ఆ ఇద్దరి వాదనను మాత్రం ఎందుకో నా చెవిలో భద్రంగా ఉంచింది.