ఆమె గోమార్ల సీసా

మా ఆవిడ పోయి నెల దాటింది. సంగతి ఆలస్యంగా తెలిసినవాళ్లు ఇంకా ఫోన్ చేస్తున్నారు. ఎక్కువమంది ఆమె దగ్గర ఇంటర్ చదివినవాళ్లు. "మేడమ్‌కు ఏమైంది సార్?" అంటారు. జ్వరం అంటాను. "డెంగ్యూనా?" కాదు, పిడుదు కుట్టి వచ్చిన జ్వరం అంటాను. పిడుదు అంటే ఏంటని అడుగుతారు. ఒకమ్మాయి మాత్రం అంది: "గోమార్ల పాఠం మాకు చెప్పిందే మేడమ్ గద సార్."

కుక్కలకు, పశువులకు పట్టి రక్తం తాగేవి. పుస్తకంలో పిడుదులు, మా దిక్కు మాటలో గోమార్లు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఇల్లు శంషాబాద్‌లో, విమానాలు చక్రాలు దించుకుంటూ వచ్చే దారి కింద ఉంది. వెనక ఇళ్లు కట్టని ప్లాట్లు. వానలు పడ్డాయంటే నడుము లోతు గడ్డి. పగలు అందులో బర్రెలు మేస్తాయి, కుక్కలు పండుకుంటాయి. మా ఆవిడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. ఆదివారం పొద్దున చాయ్ తాగి మెట్ల మీద కూర్చునేది. ఒక చేతికి రబ్బరు తొడుగు, ఆ చేతిలో ల్యాబు నుంచి తెచ్చిన ఫోర్‌సెప్స్, పక్కన స్పిరిట్ పోసిన గాజు సీసా. సీసా మూత చప్పుడైతే చాలు, గల్లీ కుక్కలు వచ్చేవి. విమానం వెళ్తుంటే మాట ఆపేది. వెళ్లాక ఆపిన చోటి నుంచే మొదలుపెట్టేది.

ఆ కుక్కల్లో ఒకటి మా దగ్గరే ఉండిపోయింది. నల్లది. వచ్చిన రోజు దాని చెవుల్లో ఆముదం గింజలు పోసినట్టు గోమార్లు. ఆమె దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. సున్నంలా తెల్లగా ఉన్నాయి.

"జూసినవా, దీంట్ల రక్తమే లేదు," అంది నాతో. "అంతా అవే తాగినయ్."

అప్పటి నుంచి నల్లది ఆమె ముందు తల వాల్చి, ఒక చెవి అయ్యాక రెండో చెవి తానే తిప్పేది.

చుట్టూ పిల్లలు చేరితే మెట్ల మీదే పాఠం. "ఇది దోమ లెక్క కుట్టి పోయేది కాదురా. కిరాయికి దిగుతది. గడ్డి కొసకు ఎక్కి ముందు కాళ్లు చాపుకొని కూసుంటది. మన ఊపిరి తగిలితే చాలు, ఎవరో వస్తున్నరని తెలుస్తది. ఎక్కినంక జాగ చూసుకుంటది. తోలు కోసి, ముండ్లున్న మూతి లోపలికి దించి, చుట్టు సిమెంట్ పోసుకుంటది. నొప్పి తెల్వకుండ ఉమ్ము పెడతది. రక్తం గడ్డ కట్టకుండ ఇంకింత ఉమ్ము. ఇగ రోజుల తరబడి తాగుడే."

"మరి రోగమెట్ల వస్తది మేడమ్?"

"తాగినదాంట్ల నీళ్లు దానికి బరువు. ఆ నీళ్లు మళ్ల మనలకే ఉమ్ముతది. దాని ఒంట్ల రోగముంటే అది గూడ ఆ ఉమ్ముల వస్తది."

"నొప్పి తెలిస్తే గోకుతం. తెల్వనియ్యదు, గదే దాని తెలివి." ఈ మాట ఆమె చాలాసార్లు అనేది.

పక్కింటి ఖాలా మేకలు పెంచుతుంది. ఆమె పద్ధతి వేరు. అగరుబత్తి ముట్టించి గోమారికి చురక పెడుతుంది. దాని మీద ఇద్దరికీ ప్రతి వానాకాలం గొడవే.

"మేడమ్, మీరు చిమ్టా పట్టుకొని గంట కూసుంటరు. నేను బత్తి పెడితే గాడే దిగుతడు."

"దిగేముందు కడుపుల ఉన్నదంతా మేక ఒంట్ల కక్కి దిగుతడు ఖాలా."

"అరె, పోతు పోతు గంతన్న ఇచ్చి పోతడు గద!"

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఖాలా బత్తి మానలేదు. మా ఆవిడ చెప్పడం మానలేదు. పేలు కుక్కినట్టు గోళ్ల మధ్య గోమారిని చిదిమేవాళ్లను చూస్తే మాత్రం ఆమెకు నవ్వు వచ్చేది కాదు. "నొక్కకు!" అని గల్లీ చివరి దాకా వినబడేలా అరిచేది. తోలుకు ఆనించి పట్టాలి, నిదానంగా తిన్నగా లాగాలి, సీసాలో వేయాలి, చేతులు కడుక్కోవాలి. అంతే.

జ్వరం ఈ వానల్లోనే వచ్చింది. ముందు తలనొప్పి, ఒళ్లునొప్పులు. తర్వాత ఎర్రటి పొక్కులు. సంగతి తెలిసి బడంగ్‌పేట్ నుంచి మా వదిన వచ్చింది. మా ఆవిడకు అక్క. తల్లి లేని చెల్లెల్ని పెంచింది ఆమే. వచ్చేటప్పుడే సంచిలో వేపమండలు తెచ్చింది. చెల్లెలి పాదాలు చూసి దండం పెట్టింది.

"అమ్మవారు పోసింది. ఇగ సూదులు, గోలీలు బంద్. ఇంట్ల పోపు పెట్టొద్దు మరిదీ."

"అక్కా, అమ్మవారైతే ముందుగాల కడుపు మీద, వీపు మీద వస్తది," అంది మా ఆవిడ. గొంతు అప్పటికే సన్నబడింది. "ఇవి అరచేతులకు, అరికాళ్లకు వచ్చినయ్."

"నీ సదువు అమ్మవారి కాడ తియ్యకు."

నేను ఆటో పిలుస్తానన్నాను. మా ఆవిడ వద్దని చెయ్యి ఊపింది. వదిన వంటింట్లోకి వెళ్లాక దగ్గరికి పిలిచి చెప్పింది. "రెండు రోజులు జర ఊకో. నా చిన్నప్పుడు అమ్మవారు పోస్తే అందరు దూరం జరిగిన్రు. అక్కనే నా పక్కల పండుకున్నది. ఆమె మనసు నొప్పియ్యకు."

వదిన ఈసారి కూడా ఆమె పక్కనే పడుకుంది. వేపాకుతో ఒళ్లు నిమురుతూ ఉంది. అంత ప్రేమగా కాలం గడిచిపోవడం నేను మరెక్కడా చూడలేదు.

మా ఆవిడ మాట తడబడటం మొదలయ్యాక దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ డెంగ్యూ అన్నారు. వార్డు నిండా డెంగ్యూ వాళ్లే. సెలైన్ పెట్టారు. తగ్గకపోతే సిటీలో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడి డాక్టరమ్మ ఆమె అరచేతులు తిప్పి చూసి నన్ను అడిగింది. "ఇంట్లో కుక్క ఉందా?"

ఉందన్నాను. ఆమె వెంటనే మందు మార్చింది. ఏ మందుల షాపులోనైనా దొరికే మందేనట. మొదట్లోనే పడితే చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుందట. అప్పటికే కిడ్నీలు ఆగిపోతున్నాయి.

చివరి స్నానం వదినే చేయించింది. మధ్యలో తడి చేతులతో బయటికి వచ్చింది.

"మరిదీ, ఇదేందో జర చూడు."

చెవి వెనక, జుట్టు మొదట్లో, చుట్ట అంటుకున్నట్టు చిన్న నల్లటి మచ్చ. కుట్టిన చోటు అది. కుట్టింది తాగి ఎప్పుడో దిగిపోయింది. గల్లీలో ఉన్న కుక్కలన్నిటి చెవుల వెనకా చూసిన మనిషి. తన చెవి వెనక తను చూసుకోలేదు కదా.

ఆ మచ్చ ఏమిటో వదినకు చెప్పాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి స్నానం పూర్తి చేయించింది.

నెల మాసికానికి వదిన మళ్లీ వచ్చింది. భోజనాలయ్యాక చూస్తే గేటు ముందు ఆటో ఉంది. ఆమే మాట్లాడుకొచ్చింది.

"ఆ కుక్క ఇగ ఈడ ఉండొద్దు మరిదీ. ఆటో ఆయన పహాడీ షరీఫ్ అవతల గుట్టల కాడ ఇడిసిపెట్టి వస్తనన్నడు."

"దాని తప్పేముంది వదినా?"

"మరి ఎవలది తప్పు?"

ఆ మాట అన్నాక ఆమె ముఖం వైపు చూడలేకపోయాను. నల్లదాని తరఫున గట్టిగా మాట్లాడే స్థితి నాకూ లేదు. నెల రోజులుగా అన్నం పెడుతున్నాను గానీ దాని మీద చెయ్యి వేయలేదు. అది దగ్గరికి వస్తే లేచి లోపలికి వెళ్లేవాణ్ని.

ఆటో అతను బిస్కెట్ చూపించి పిలిచాడు. నల్లది స్కూటర్ కిందికి దూరింది. "సార్, మీరు పిలిస్తే వస్తది," అన్నాడు. నేను లోపలికి వెళ్లి కిటికీలోని సీసా, ఫోర్‌సెప్స్ తెచ్చాను. ఎక్కడికి పోయినా చెవులు శుభ్రం చేసి పంపుదామనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను.

మూత తీశాను. నల్లది స్కూటర్ కింది నుంచి వచ్చి, మెట్టు మీద తల పెట్టి, కుడి చెవి నా వైపు తిప్పింది. చెవి నిండా గోమార్లు.

నాకు చెయ్యి కుదరలేదు. మొదటిది జారింది. పక్కన వదిన ఎప్పుడు కూర్చుందో చూడలేదు. ఆమె చెయ్యి చాపి, ఒకదాన్ని గోళ్ల మధ్య పట్టబోయింది.

"నొక్కకు," అన్నాను.

వదిన చెయ్యి ఆగిపోయింది. "గట్లనే అంటుండె," అంది. "నేను పోరగాళ్లకు పేలు చూస్తుంటే గూడ వెనక నుంచి గట్లనే ఒర్లుతుండె."

కొంగుతో ముఖం తుడుచుకుని, నా చేతిలోంచి సీసా తీసుకుంది. నేను లాగినవి ఒక్కొక్కటే అందులో పట్టుకుంటూ పోయింది.

"సార్, ఉండాల్నా, పోవాల్నా?" అని గేటు దగ్గర నుంచి ఆటో అతను అడిగాడు. నేను ఇంకొకదాన్ని లాగాను, వదిన సీసా చాపింది. ఇంకొంచెం చూసి ఆటో తిప్పుకున్నాడు.

ఆ చెవిలో చివరి గోమారి ఫోర్‌సెప్స్ మధ్యనే చిట్లింది. సీసాలో పడ్డాక దాని నుంచి సన్నటి ఎర్రటి పోగు ఒకటి బయలుదేరింది. వదిన సీసాను రెండు చేతులతో వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. పైన విమానం వచ్చింది. అది వెళ్లిపోయేదాకా ఆ ఎరుపు స్పిరిట్‌లో కరగడం చూస్తూనే ఉంది. మూత పెట్టలేదు. నల్లది రెండో చెవి తిప్పింది.