తెలుగులోనే కదా అన్నాను

బంగారమ్మకు తెలుగు రాయడం రాదు, చదవడం రాదు. అయినా ఆ భాష మీద ఆమెకున్న నమ్మకం బ్యాంకు లాకర్ మీద కూడా ఉండేది కాదు. రైల్వే గ్యాంగ్‌మన్ పెళ్లాంగా పలాస నుంచి రాయపూర్‌లో దిగిన నాటి నుంచీ తెలుగంటే ఆమెకు తలుపుకున్న గొళ్లెం. కూరగాయలవాడి ఎదురుగానే, "ఈడి మొకం చూడే, కుళ్లిపోయిన వంకాయలా ఉంది" అనేది. వాడు నవ్వుతూ తూకం వేసేవాడు. పక్కన త్రివేణి పమిట కొంగు నోట్లో కుక్కుకునేది.

త్రివేణి లేకపోతే ఆ సరదా సగం కూడా ఉండేది కాదు. మోవా బస్తీలో ఇద్దరి ఇళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ. మొగుళ్లు పోయాక ఇద్దరూ తెలీబంధా చెరువు గట్టున బండ్లు పెట్టారు. బంగారమ్మవి మిర్చి బజ్జీలు, త్రివేణివి పునుగులు. చిన్నదైన త్రివేణి "అప్పా" అంటే బంగారమ్మ "ఏటే!" అని కసిరేది. కసరని రోజున ఒంట్లో బాగాలేదేమోనని త్రివేణి బెంగపడేది. బంగారమ్మ నోటికి తగ్గ చెవి ఊరంతటికీ ఆమెదొక్కటే.

కరోనా పోయాక పారా సంగీ వచ్చింది. అదొక కంపెనీవాళ్ల యాప్. కంపెనీ యజమానీ, మంత్రిగారూ భుజాల మీద చేతులేసుకున్న బొమ్మలు కూడలి కూడలికీ కట్టారు. బండి లైసెన్సు కావాలంటే ఫోన్లో అది ఉండాల్సిందేనని మున్సిపాలిటీ ఆఫీసువాళ్లే వచ్చి ఎక్కించారు. బంగారమ్మకు అది తెగ నచ్చింది. రాయనక్కర్లేదు, బొత్తాం నొక్కి వాగితే చాలు. గట్టు మీది తెలుగు ఆడవాళ్లంతా కలిసి అందులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. కోడలి సాంబారు మొదలుకొని ఆఫీసు గుమాస్తా ప్రేమ్‌చంద్ పొట్ట దాకా బంగారమ్మ అందులో వదలని సంగతి లేదు.

"అప్పా, అది సర్కారోళ్ల మనుషులది. కాస్త చూసుకుని మాట్లాడు" అంది త్రివేణి ఒకసారి.

"ఆళ్లకి తెలుగేటొచ్చే, పిచ్చిమొకమా!"

ఆ వానాకాలం గట్టు మీది బండ్లు ఎత్తేస్తారని కబురు పొక్కింది. బంగారమ్మ బొత్తాం నొక్కింది. "ఒలే, రేపు ఎవురూ గట్టు మీద ఉండొద్దు. బండ్లన్నీ పాత కర్ర మిల్లు ఎనక పెట్టీండి. ఆ ప్రేమ్‌చంద్ గాడు పొట్టేసుకుని గట్టంతా ఎతుక్కుంటాడు."

మర్నాడు ఆఫీసు లారీ గట్టు వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా మిల్లు వెనక్కి వచ్చి బండ్లన్నీ ఎక్కించుకుపోయింది. త్రివేణి బండి మాత్రం చక్రం విరిగి ఇంటి దగ్గరే ఉంది. పైగా ఆమె తమ్ముడు నయా రాయపూర్‌లో ఒక సర్కారు సాహెబ్ కారు నడుపుతాడు. బంగారమ్మ బుర్రలో ఈ రెండూ అతుక్కుపోయాయి.

కుళాయి దగ్గర అందరి ముందూ త్రివేణిని పట్టుకుంది. "నీ తమ్ముడికి చెప్పీసినావు కదే! నీ బండి దాచుకుని మా పొట్ట కొట్టినావు!"

"నీ మీద ఒట్టు అప్పా. నాను ఎవురికీ చెప్పలేదు."

"ఒట్లెయ్యకు. ఎల్లు ఇక్కడినుంచి."

త్రివేణి సగం నిండిన బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ రోజే ఆమెను గ్రూపులోంచి తీయించేసింది బంగారమ్మ. మిగతావాళ్లు కూడా ఆమెతో మాటలు మానేశారు.

బండి విడిపించుకుందామని బంగారమ్మ ఆఫీసుకు వెళ్లింది. ప్రేమ్‌చంద్ ఆమె పేరు విని కంప్యూటర్ తెర తన వైపు తిప్పుకున్నాడు. హిందీలో నిదానంగా చదివాడు.

"'ప్రేమ్‌చంద్ అప్నా పేట్ లేకర్ ఢూంఢతా రహేగా.' క్యోం అమ్మా, మేరా పేట్ ఇత్నా బడా హై?"

తను గ్రూపులో అతని పొట్ట మీద విసిరిన మాటే అదని తెలిసి బంగారమ్మ బల్ల మీదికి వంగింది. "తుమ్‌కో తెలుగు ఆతా?"

తనకు రాదట, మిషన్‌కు వచ్చట. ఎవరు ఏ భాషలో మాట్లాడినా హిందీలో చేసి ఆఫీసుకు పంపుతుందట. ఆ ఉత్సాహంలో కోడలి సాంబారు గురించి కూడా చదివి వినిపించాడు. పక్క బల్లవాళ్లు పగలబడి నవ్వారు. ఇంకో రోజైతే బంగారమ్మ వాళ్ల ఏడు తరాలనూ కడిగి ఆరేసేది. ఆ రోజు ఆమెకు ఆ నవ్వులు వినిపించనే లేదు. కుళాయి దగ్గర త్రివేణి ముఖం ఒక్కటే కనిపిస్తోంది.

అటునుంచి అటే త్రివేణి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. "నువ్వు కాదే. ఆ ఫోనే చెప్పీసింది. ప్రేమ్‌చంద్ చదివి ఇనిపించినాడు."

త్రివేణి ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు. "ఆడు చెప్తే నమ్మినావు. నాను ఒట్టేస్తే నమ్మలేదు."

"తప్పయిపోనాదే."

"ఆ ఫోను ఏదీ?"

"ఇదిగో, నడుంకే ఉంది. తీసీమంటావేటి? తీసేస్తే లైసెన్సు పోతాదంట, బండి ఇవ్వరంట."

"మరింక నన్నేటి మాట్లాడమంటావు?" అంది త్రివేణి. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

జరిమానా కట్టాక బండి తిరిగొచ్చింది. ఇద్దరూ మళ్లీ గట్టు మీదే అమ్ముకుంటున్నారు. వానొస్తాదా అంటే వస్తాదంటుంది త్రివేణి. నూనె ధర పెరిగిందంటే పెరిగిందంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాదు. బజ్జీలు వేగుతున్నంతసేపూ బంగారమ్మ మాటల కోసం తడుముకుంటుంది. ఫోను విన్నా ఫరవాలేని మాట, త్రివేణికి వినబుద్ధయ్యే మాట ఒక్కటి కావాలి. పుట్టినప్పటి నుంచీ వాగుతూనే ఉన్న మనిషికి అలాంటిదొక్కటీ దొరకడం లేదు.