కళ్లు తెరిచి చేసిన ప్రార్థన

మా అమ్మ ప్రార్థన చేయనిదే ఏ బండీ కదలదు. ఆటో అయినా, బస్సయినా, పక్కింటివాళ్ల స్కూటీ అయినా సరే. ఎక్కి కూర్చోగానే కొంగు తలమీదికి లాక్కుని, "కళ్లు మూసుకోండి" అంటుంది. డ్రైవర్లు కూడా మూసుకునేవారు. బండి ఇంకా కదల్లేదు కాబట్టి ప్రమాదం లేదు. నేను మాత్రం చిన్నప్పటి నుంచీ ఒక కన్ను తెరిచే ఉంచేవాణ్ణి. అందరూ మూసుకుంటే మందిరం బయట చెప్పులు ఎవరు చూస్తారని నా వాదన. పాస్టరుగారు దాన్ని అవిశ్వాసం అన్నారు. నేను వాచ్‌మన్ డ్యూటీ అనుకున్నాను.

ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఉండేది కొల్లేటికి ఇవతల, కైకలూరు పక్క ఊళ్లో. అమ్మకు కిడ్నీలు మొరాయించాక వారానికి మూడుసార్లు ఏలూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తున్నాం. కొల్లేటి మధ్యలోంచి వెళ్లే రోడ్డే మాకు దారి. ఆ ఏడు వానలకు పైనుంచి వాగులన్నీ దిగి, కొల్లేరు ఆ రోడ్డు మీదికెక్కి కూర్చుంది. తాడేపల్లిగూడెంలోనూ డయాలసిస్ మిషన్లున్నాయి. కానీ అటు వెళ్లాలంటే ఆకివీడు దాటాలి. అక్కడ ఉప్పుటేరు కూడా రోడ్డు మీదే ఉంది. నీళ్లకు మేం ఎటు వెళ్లాలనుకుంటున్నామో ముందే తెలిసినట్టుంది.

మంగళవారం వెళ్లలేకపోయాం. గురువారం తెల్లారేసరికి అమ్మ కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఊపిరి అందడం లేదు. గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. డాక్టరుగారు ఫోన్లో ఎప్పుడూ విసుక్కునే మనిషి. ఆ రోజు చాలా మెత్తగా, ఇవాళ ఎలాగైనా తీసుకురండి, ఇంకొక్కటి తప్పితే కష్టం అన్నారు. ఆయన విసుక్కోకపోవడంతో వెంటనే బండి వెతకడానికి బయల్దేరాను.

చేపల చెరువులకు మేత తోలే ట్రాక్టరొకటి మనుషుల్ని దాటిస్తోందని తెలిసి అక్కడికి చేరాం. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కులో ప్లాస్టిక్ కుర్చీ వేసి, అది జారకుండా మేత బస్తాలు ఒత్తుగా పెట్టి అమ్మను కూర్చోబెట్టాను. డ్రైవరు నాకంటే చిన్నవాడు. స్టీరింగుకి ఎర్రదారం, బానెట్టుకి నిమ్మకాయలు. ఆయన నమ్మకం కొల్లేటి దేవత పెద్దింట్లమ్మ మీద. అమ్మ అలవాటు సంగతి మొహమాటపడుతూ చెప్పబోయాను. ఆయన ఎదురుగా ఉన్న నీళ్ల వంక చూస్తూనే అన్నాడు:

"చేసెయ్యండి మామ్మగారూ. కాస్త గట్టిగా చెయ్యండి, నాక్కూడా వినబడాలి."

అమ్మకు గట్టిగా చేసే ఊపిరి లేదు. రెండు మాటల్లో ముగించింది. మా అమ్మ ప్రార్థన అంత పొట్టిగా వినడం నాకు అదే మొదటిసారి. సంతోషించాల్సింది. చేతకాలేదు.

నీళ్లలోకి దిగేముందు డ్రైవరు నాకో పని అప్పజెప్పాడు. "మాస్టారూ, కుడిపక్క నేను చూసుకుంటాను. ఎడంపక్క అంచు రాళ్లు మీరు చూసి చెబుతా ఉండండి. రాయి కనబడితే మనం రోడ్డు మీదున్నట్టు. కనబడకపోతే..." వాచ్‌మన్ ఉద్యోగం మళ్లీ నాకే వచ్చింది.

ట్రక్కు ముందు చెక్క పట్టుకుని నిలబడ్డాను. నలుపూ తెలుపూ రంగు వేసిన రాళ్లు నీళ్లలోంచి బెత్తెడు పైకి కనబడుతున్నాయి.

"రాయి ఉందండీ" అన్నాను.

వెనకనుంచి అమ్మ "స్తోత్రం" అంది.

కాకతాళీయం అనుకున్నాను. రెండో రాయికీ అంతే. కాసేపటికి డ్రైవరు నా మాట వినగానే గేరు మార్చడం మానేసి, అమ్మ మాట కూడా పడ్డాకే మార్చడం మొదలుపెట్టాడు. ఫిజిక్స్ ప్రకారం నా మాట ఒక్కటే చాలు.

నీళ్లు రోడ్డుకు అడ్డంగా, కుడినుంచి ఎడమకు పారుతున్నాయి. ఒక్కోసారి ట్రక్కు పక్కకు జరిగినట్టుండేది. ట్రక్కు జరిగిందో, నా కళ్లే జరిగాయో తెలియదు. సగం దూరంలో గుర్రపుడెక్క మొక్కలు కొట్టుకొచ్చి చాప పరిచినట్టు ఆగాయి. రోడ్డూ, కాలువా, చెరువూ అంతా ఒకటే పచ్చదనం. రాయి లేదు.

"ఉంది" అనేద్దామనుకున్నాను. అమ్మ కోసం అలాంటి చిన్న అబద్ధాలు నాకు అలవాటే. కానీ ఈ అబద్ధం విని స్టీరింగు తిప్పే మనిషి ముందున్నాడు.

"కనబడటం లేదమ్మా."

వెనకనుంచి అమ్మ, చిన్నగా, "స్తోత్రం."

వెనక్కి తిరిగాను. "రాయి లేదన్నాను."

"విన్నాను. పోయింది కిడ్నీలురా, చెవులు కాదు."

"మరి దేనికి స్తోత్రం?"

"భయమేసి" అంది. ఇన్నేళ్లూ మా అమ్మకు భయం లేదు కాబట్టి ప్రార్థన చేస్తుందనుకున్నాను. లెక్క తిరగేసి వేశానన్నమాట.

డ్రైవరు బండి ఆపాడు. ట్రక్కుతో వెనక్కి పోవడం కుదరదనీ, ఆగిన చోట ఎక్కువసేపు ఉండడం మంచిది కాదనీ చెప్పాడు. ఎవరైనా దిగి కర్రతో రోడ్డు తడుముకుంటూ ముందు నడవాలి. ఆయన స్టీరింగు వదలకూడదు. మిగిలింది నేనూ, అమ్మా. ఎంపిక పెద్ద కష్టం కాలేదు. కొల్లేటి ఒడ్డున పుట్టి ఈత రాని మనిషిగా మా ఊళ్లో నాకు కొంత పేరుంది. ఆ సంగతి డ్రైవరుకు చెప్పలేదు. ఉన్న ధైర్యంలో ఆయన వాటా ఎందుకు తగ్గించాలి?

తాడు ఒక కొస బండికి, ఇంకో కొస నా నడుముకి కట్టాడు. వెదురు కర్ర ఇచ్చాడు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుంది, కళ్లు మూసుకుంది, మళ్లీ తెరిచింది.

"మూసుకుంటే నువ్వు కనబడవు. ఇవాళ్టికి తెరిచే చేస్తాను. ప్రభువేమీ అనుకోడులే."

దిగాను. మోకాళ్ల పైకి నీళ్లు, లాగుతున్నాయి. కర్రకు తారు తగిలితే గట్టిగా కొట్టుకుంటుంది. బండి నా వెనకే, నడిచే మనిషి వేగంతో. అమ్మ అడుగుతోంది, "ఉన్నావా?" నేను "ఉన్నాను" అంటున్నాను. ఆమె అడగడానికి ఊపిరి కూడబెట్టుకుంటోందని ఆ మాటల మధ్య ఎడం చెబుతోంది. అందుకని నేను ఇంకా వేగంగా నడిచాను. అదే పొరపాటు. కర్ర ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. దాని వెనకే నా ఎడమకాలు. తాడు నడుముకి కోసుకుంది. నీళ్లు ఛాతీకి వచ్చాయి.

"ఉన్నావా?"

ఇలాంటప్పుడు నా నోటికి ఏదో ఒక జోకు వస్తుంది. పెళ్లిలోనూ వచ్చింది, నాన్న పోయినప్పుడూ వచ్చి తిట్లు తిన్నాను. ఆ క్షణాన వెతుక్కుంటే ఏమీ లేదు. "ఉన్నాను" అనే మాట కూడా లేదు.

"స్తోత్రం" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. భయం అలాగే ఉంది, ఒక్క పిసరు తగ్గలేదు. కానీ కుడికాలు కింద తారు ఉందని అప్పుడు తెలిసింది. దాని మీద బరువు వేసి, తాడు పట్టుకుని పైకి వచ్చాను. వంగి గుర్రపుడెక్క కింద చేత్తో తడిమితే రాయి తగిలింది. దాన్ని పట్టుకునే కుడికి జరగమని డ్రైవరుకు చెయ్యి ఊపాను. ఆయన జరిపి, మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు, స్తోత్రం అన్నాడు. పెద్దింట్లమ్మ కూడా ఏమీ అనుకుని ఉండదు.

ఆ పచ్చచాప దాటాక రాళ్లు మళ్లీ కనబడ్డాయి. అవతల ఒడ్డున ఆటో దొరికింది. ఏలూరు చేరేసరికి అమ్మ మాట్లాడటం మానేసింది, నా చెయ్యి మాత్రం వదల్లేదు. తడిబట్టలతో నేను లోపలికి రావడానికి వీల్లేదని నర్సమ్మగారు అన్నారు. అమ్మ చెయ్యి వదలకపోవడం చూసి తలుపు పూర్తిగా తెరిచారు.

మంచం మీద పడుకోబెట్టి, మిషను సిద్ధం చేస్తుంటే అమ్మ ఎప్పటిలాగే గట్టిగా కళ్లు మూసుకుంది. సూదులు గుచ్చేటప్పుడు ప్రతిసారీ అంతే. ప్రార్థనలో ఉందనుకుని నేను బయటికెళ్లి పేపరు చదువుకునేవాణ్ణి.

"సూదంటే భయంరా" అంది కళ్లు తెరవకుండానే. "నువ్వు చూసి చెప్పు."

చూశాను. నాకూ సూదంటే గిట్టదు.

"ఒకటి గుచ్చారమ్మా" అన్నాను.

"స్తోత్రం" అంది.